ఊరు మారిన కెమెరా

ఆ కెమెరా తయారైంది జపాన్‌లో, కొన్నది న్యూజెర్సీలో, మొదటిసారి మొరాయించింది తెనాలిలో.

2003 చివర్లో మా బావమరిది అమెరికా నుంచి సెలవుకి వస్తూ అరచేతిలో ఇమిడే మినీ డీవీ క్యామ్‌కార్డర్ ఒకటి పట్టుకొచ్చాడు. "ఇక్కడి రేటుతో చూస్తే సగానికి సగం బావా" అన్నాడు. మా మరదలి పెళ్లికి వీడియో మనమే తీసేసుకోవచ్చని సంబరపడ్డాం. కల్యాణ మండపం నిండా వరసగా ట్యూబ్‌లైట్లు. జీలకర్ర బెల్లం దగ్గర్నుంచి అప్పగింతల దాకా మూడు క్యాసెట్లు తీశాను. రాత్రి కూర్చుని కెమెరా బుల్లి తెర మీద చూసుకుంటే, పెళ్లికూతురి ముఖం మీద వెలుగు గాలికి దీపం కొట్టుకుంటున్నట్టు రెపరెపలాడుతోంది. ఇంట్లో టీవీకి తగిలిస్తే రంగులు మాయం. బొమ్మ నిలబడకుండా దొర్లుకుంటూ పోతోంది. మర్నాడు సీడీ చేయించడానికి వీడియో స్టూడియోకి పట్టుకెళ్తే, అక్కడి కుర్రాడు కెమెరా అడుగున స్టిక్కరు చూసి, "ఇది మన సిస్టం కాదు సార్, ఎన్‌టీఎస్‌సీ" అని తేల్చేశాడు.

కెమెరా చెడిపోలేదు. అది వేరే దేశపు కరెంటుని నమ్ముకుని పుట్టింది.

ఈ నమ్మకం వెనక పెద్ద చరిత్రే ఉంది. అమెరికాలో 1941లో ఎన్‌టీఎస్‌సీ టీవీ ప్రమాణాలు ఖరారు చేసినప్పుడు బొమ్మకి 525 గీతలు, సెకనుకి 60 సగం బొమ్మలు అనుకున్నారు. సగం బొమ్మ అంటే ముందు బేసి గీతలు, ఆ తర్వాత సరి గీతలు. రెండూ కలిస్తే ఒక పూర్తి ఫ్రేము. 60 అనే అంకె అక్కడి కరెంటుది. అమెరికా ఇళ్లలో కరెంటు సెకనుకి 60 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. ఆ రోజుల్లో టీవీ సెట్లలోకి కరెంటు తాలూకు అలజడి కొంత చొరబడేది, తెర మీద చారలుగా కనిపించేది. బొమ్మ వేగం, కరెంటు వేగం ఒకటే అయితే ఆ చార కదలకుండా ఒకచోట పడుంటుంది, కంటికి అంతగా అడ్డు రాదు. 1953లో రంగులు జోడించినప్పుడు రంగు సంకేతం, శబ్ద సంకేతం ఒకదానికొకటి అడ్డుపడి తెర మీద చుక్కల గీతలు పడకుండా ఆ 60ని 59.94కి దించారు. ఫ్రేములు 30 నుంచి 29.97 అయ్యాయి. ఇప్పటికీ వీడియో ఎడిటింగ్ చేసేవాళ్లు తిట్టుకునే ఆ వింత అంకె ఇలా పుట్టిందే.

యూరప్ కరెంటు 50 సార్లు ఊగుతుంది. అక్కడ టెలిఫుంకెన్ కంపెనీలో వాల్టర్ బ్రూఖ్ రూపొందించిన పాల్ పద్ధతిలో 625 గీతలు, 50 సగం బొమ్మలు, 25 ఫ్రేములు. మన కరెంటూ 50దే. 1982లో దూరదర్శన్‌కి రంగులు వచ్చినప్పుడు మనమూ పాల్ దారే పట్టాం. అందుకే అమెరికా కెమెరా పంపిన సంకేతం మా ఇంటి టీవీకి అర్థం కాలేదు. గీతల లెక్క వేరు, వేగం వేరు, రంగుని దాచే తీరు వేరు.

టీవీ సంగతి సరే, ఆ రెపరెపలు ఎందుకు వచ్చినట్టు? నాకు అసలు ఆసక్తి అక్కడే పుట్టింది.

పాతకాలం బరువైన చోక్ ఉన్న ట్యూబ్‌లైటు నిలకడగా వెలుగుతున్నట్టు కనిపిస్తుంది గానీ, మన కరెంటు మీద అది సెకనుకి 100 సార్లు మినుకుతుంది. కరెంటు ఒక ఊపులో రెండుసార్లు శిఖరానికి చేరుతుంది, అందుకని 50కి రెట్టింపు. కన్ను అంత వేగాన్ని పట్టుకోలేదు, కెమెరా పట్టుకుంటుంది. ఎన్‌టీఎస్‌సీ కెమెరా ఒక్కో సగం బొమ్మకి సెకనులో 60వ వంతు సేపు కళ్లు తెరిచి ఉంచిందనుకోండి. ఆ కాస్త సమయంలో ట్యూబ్‌లైటు ఒకటిన్నర కన్నా కొంచెం ఎక్కువ మినుకులు వేస్తుంది. పూర్తి అంకె కాదు. ఒక బొమ్మకి వెలుగు శిఖరాలు రెండు దక్కితే, పక్క బొమ్మకి ఒక శిఖరం, ఒక లోయ దక్కుతాయి. లెక్క వేస్తే తెర మీద వెలుగు సెకనుకి సుమారు 20 సార్లు పెరిగి తగ్గుతుంది. అది కంటికి బాగా తెలిసే వేగం. మా మరదలి ముఖం మీద కదిలింది ఈ తేడాయే.

మందు తేలిక. షట్టరుని సెకనులో 100వ వంతుకి పెట్టాలి. అప్పుడు ప్రతి బొమ్మలోనూ సరిగ్గా ఒకే ఒక్క పూర్తి మినుకు పడుతుంది, ఎక్కడ మొదలైనా సరే. మెనూలో ఆ ఏర్పాటు ఉందని తెలిసేటప్పటికి పెళ్లయి మూడు నెలలైంది. ఎన్‌టీఎస్‌సీ కెమెరాలో ఈ 100 ఎందుకుంది? జపాన్ సంగతి చూస్తే అర్థమవుతుంది. 19వ శతాబ్దం చివర టోక్యో వాళ్లు జర్మనీ నుంచి 50 ఊపుల జనరేటర్లు తెప్పించుకున్నారు, ఒసాకా వాళ్లు అమెరికా నుంచి 60వి. ఆ తేడా అలాగే ఉండిపోయి ఇప్పటికీ దేశంలో తూర్పు సగం 50, పడమటి సగం 60. ఆ కెమెరాల రోజుల్లో టీవీ మాత్రం దేశమంతా ఎన్‌టీఎస్‌సీ. అంటే టోక్యోలో పుట్టినరోజు వీడియో తీసుకునే తండ్రికి కూడా తెనాలిలో నాకు పట్టిన గతే.

ఇప్పుడు ఎలక్ట్రానిక్ చోక్ ఉన్న ట్యూబ్‌లైట్లు సెకనుకి వేలసార్లు మినుకుతాయి గనక ఆ బెడద తగ్గింది. నాసిరకం ఎల్ఈడీ బల్బులు మాత్రం ఆ పాత 100నే పట్టుకుని వేలాడుతున్నాయి. సెల్‌ఫోన్లో వీడియో తీస్తుంటే గోడ మీద నల్లచారలు పాకడం మీరూ చూసే ఉంటారు.

ఈ మధ్య కుర్రాళ్లకి పాత క్యామ్‌కార్డర్ల మీద మళ్లీ మోజు పుట్టింది. జపాన్ నుంచి వాడేసినవి తెప్పించుకుంటున్నారు. వాళ్ల చెవిన వేయాల్సిన మాటలు కొన్ని. జపాన్ లోపల అమ్మడానికి చేసిన మోడళ్లలో చాలావాటికి మెనూ జపనీస్‌లోనే ఉంటుంది, మార్చుకునే దారి ఉండదు. ఛార్జరు మీద చిన్న అక్షరాల్లో 100–240 వోల్టులని ఉంటే భయం లేదు, పిన్ను మార్చే అడాప్టరు చాలు. 100 ఒక్కటే ఉంటే మన 230 వోల్టుల సాకెట్‌లో పెట్టిన క్షణానే పొగ. వారంటీ చాలావరకు కొన్న దేశంలోనే చెల్లుతుంది. యూరప్‌లో కొన్న స్టిల్ కెమెరా వీడియో తీస్తూ తీస్తూ 29 నిమిషాల 59 సెకన్లకి ఠక్కున ఆగిపోతే రిపేరు షాపుకి పరిగెత్తకండి. 30 నిమిషాలు ఆపకుండా తీయగలిగితే దాన్ని అక్కడి కస్టమ్స్ వాళ్లు వీడియో కెమెరాగా లెక్కగట్టి సుంకం వేసేవారు. అది తప్పించుకోవడానికి తయారీదారులు చేసిన ఒక్క సెకను తెలివి అది. మన దేశం నుంచి ఖరీదైన కెమెరా పట్టుకుని విదేశానికి వెళ్తుంటే బయల్దేరేటప్పుడే విమానాశ్రయంలో కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకుంటే మంచిది. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు ఇది మీతో వెళ్లిందేనని నిరూపించుకునే బాధ మీదే.

కరెంటు పాఠం అయింది. చలి పాఠం లేహ్‌లో మొదలైంది.

2005 జనవరిలో ఆఫీసు పని మీద ఢిల్లీ వెళ్లి, అక్కడి నుంచి నాలుగు రోజులు కలిసొస్తే లేహ్‌కి విమానం ఎక్కాను. 3,500 మీటర్ల ఎత్తు. పగలు ఎండ చురుక్కుమనిపిస్తున్నా నీడలోకి అడుగేస్తే నీళ్లు గడ్డే. తెల్లవారుజామున సున్నాకి 15 డిగ్రీల కింద. నాకు తెలిసిన చలి లంబసింగిది. మనవాళ్లు ఆంధ్రా కశ్మీరని మురిసిపోయే ఆ ఊళ్లో గడ్డి మీద మంచు పేరుకుంటే అదే పేపర్లో వార్త. కెమెరా మాన్యువల్‌లో వాడదగిన ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీలని రాసి ఉంది. ఆ 40 చదివి తెనాలి ఎండల గురించే బెంగపడ్డాను తప్ప, పక్కనున్న సున్నాని పట్టించుకోలేదు.

షే ఊరి దగ్గర సింధు నది అంచులు గడ్డకట్టి మధ్యలో మాత్రం నల్లగా నీళ్లు పారుతున్నాయి. బ్యాటరీ నిండా ఉందని చూపిస్తోంది. ఆరు నిమిషాలు తీశానో లేదో కెమెరా గుడ్లు తేలేసింది. రెండో బ్యాటరీ వేశాను, నాలుగు నిమిషాలు. విసుగొచ్చి రెండింటినీ స్వెటరు లోపల చొక్కా జేబులో పడేశాను. గంట తర్వాత టీ తాగుతూ ఊరికే పెట్టి చూస్తే మొదటి బ్యాటరీలో సగానికి పైగా ఛార్జి ఉంది!

చచ్చింది లేచి కూర్చోవడం కాదిది. అసలు చావలేదు.

లిథియం అయాన్ బ్యాటరీ పుట్టిందే క్యామ్‌కార్డర్ కోసం అంటే పెద్దగా అతిశయోక్తి కాదు. 1980ల్లో చేతిలో పట్టుకునే వీడియో కెమెరాలకి తేలికైన బ్యాటరీ కావాలని జపాన్ కంపెనీలు తహతహలాడుతుంటే, అసాహి కాసేలో అకిరా యోషినో 1985లో ఈ రకం నమూనా చేశాడు. 1991లో సోనీ దాన్ని బజార్లోకి తెచ్చింది, తొలినాళ్లలోనే అది వీడియో కెమెరాల్లోకి ఎక్కింది. యోషినోకి గుడెనఫ్, విటింగమ్‌లతో కలిపి 2019లో నోబెల్ వచ్చింది. ఇవాళ ఫోన్లనీ స్కూటర్లనీ కార్లనీ నడిపిస్తున్నది ఆ కెమెరా బ్యాటరీ వంశమే.

దీని లోపల ఒకవైపు గ్రాఫైటు, ఇంకోవైపు లోహపు ఆక్సైడు, మధ్యలో ఒక ద్రవం. వాడుతున్నప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైటు పొరల్లోంచి బయటికొచ్చి ఈ ద్రవంలో ఈదుకుంటూ అవతలి ఒడ్డుకి చేరతాయి. ద్రవంలో ముఖ్యమైన పదార్థం ఇథిలీన్ కార్బొనేట్. విడిగా చూస్తే అది 36 డిగ్రీలకి గానీ కరగదు, అంటే మామూలు రోజున గడ్డే. డిసెంబరులో మన కొబ్బరినూనె సీసా గుర్తొస్తోందా? నూనె బయటికి రాక సీసాని ఎండలో పెడతాం, లేదా ఆముదం లాంటి ఇంకో నూనె కలిపి చూస్తాం. బ్యాటరీ వాళ్లూ ఇదే తంత్రంలో పల్చటి ద్రావకాలు కలిపి దాన్ని ద్రవంగా ఉంచుతారు. అయినా చలి ముదిరేకొద్దీ చిక్కబడుతుంది. అయాన్ల ఈత మందగిస్తుంది. ఎలక్ట్రోడ్ అంచు దాటి లోపలికి దూరడం ఇంకా కష్టమవుతుంది. దీన్నే అంతర్నిరోధం పెరగడం అంటాం.

అంతర్నిరోధం పెరిగిన బ్యాటరీ నుంచి మోటార్లూ తెరా గట్టిగా కరెంటు లాగితే, ఆ లాగినప్పుడల్లా వోల్టేజి కుంగిపోతుంది. కెమెరాకి లోపలి ఛార్జి కనిపించదు, వోల్టేజి ఒక్కటే కనిపిస్తుంది. అది ఫలానా గీత కిందికి జారగానే, అయిపోయిందనుకుని తనంతట తాను ఆపేసుకుంటుంది. గిడ్డంగిలో బస్తాలున్నాయి, తలుపు బిగుసుకుపోయింది. ఒంటి వేడి తగలగానే తలుపు వదులైంది. అందుకే మంచులో పనిచేసే కెమెరామెన్ ఒక బ్యాటరీ కెమెరాలో, ఇంకొకటి ఒంటికి ఆనించి పెట్టుకుని మార్చుకుంటూ పోతారు. ఇందులో పరికరాల ఖర్చు ఏమీ లేదు. చొక్కాకి లోపలి జేబొకటి కుట్టించుకుంటే సరి.

చల్లబడిన బ్యాటరీని వాడటం వల్ల పెద్ద నష్టం ఉండదు. సున్నా కన్నా చల్లగా ఉన్నప్పుడు ఛార్జింగ్ పెడితేనే ప్రమాదం. ఛార్జింగ్‌లో అయాన్లు వెనక్కి గ్రాఫైటు పొరల్లోకి దూరాలి. చలికి అవి అంత వేగంగా దూరలేక గుమ్మం బయటే లోహంగా పేరుకుంటాయి. అలా పేరుకున్న లిథియంలో కొంత మళ్లీ పనికిరాదు. ముల్లులా పెరిగి అవతలి వైపుకి తగిలితే లోపలే షార్టవుతుంది. గదిలో బ్యాటరీ చేతికి వెచ్చగా తగిలాకే ప్లగ్గులో పెట్టాలి.

మిగతా భాగాల చలి బాధలు చిన్నవి. ఎల్‌సీడీ తెరలోని ద్రవస్ఫటికాలు చిక్కబడి నెమ్మదిగా కదులుతాయి, కెమెరా తిప్పితే బొమ్మ వెనకాల దెయ్యం నీడలాగా ఈడ్చుకొస్తుంది. అది తెర మీద మాత్రమే, రికార్డింగులో ఉండదు. లెన్సు మరల్లో గ్రీజు గట్టిపడి జూమ్ మూలుగుతుంది. హార్డ్ డిస్క్ ఉన్న క్యామ్‌కార్డర్లయితే చలి కన్నా ఎత్తుకి భయపడాలి. డిస్కు మీద హెడ్డు సన్నటి గాలి దిండు మీద తేలుతుంది, ఎత్తుకి పోయేకొద్దీ ఆ దిండు పల్చనవుతుంది. కొన్నింటి మాన్యువల్స్‌లో 3,000 మీటర్లు దాటాక వాడొద్దనే ఉంటుంది. లేహ్ విమానాశ్రయంలో దిగేసరికే ఆ గీత దాటేశాం.

చలికి హాయిగా ఉండేది కెమెరాలో ఒక్కటే, బొమ్మని పట్టే సెన్సరు. వెలుగేమీ పడకపోయినా వేడి వల్లనే అందులో కొన్ని ఎలక్ట్రాన్లు విడుదలై చీకట్లో గుల్లగుల్లగా కనిపిస్తాయి. ఉష్ణోగ్రత ఆరేడు డిగ్రీలు తగ్గినప్పుడల్లా ఈ దొంగ వెలుగు దాదాపు సగమవుతుంది. జేమ్స్ వెబ్ టెలిస్కోపులో మిరి అనే పరికరాన్ని −266 డిగ్రీల కిందికి చల్లబరచడానికి కారణం ఇదే. మే నెలలో విజయవాడలో తీసిన రాత్రి దృశ్యం కన్నా జనవరిలో లేహ్‌లో తీసింది శుభ్రంగా ఉంటుంది, బ్యాటరీ ఒప్పుకుంటే.

మంచు రంగు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఎదురుగా ఉన్న లోకం సగటున ఒక మోస్తరు బూడిద రంగులో ఉంటుందన్న నమ్మకంతో కెమెరా వెలుగుని కొలుస్తుంది. ఇదీ ఒక పుట్టింటి నమ్మకమే. తెల్లటి మంచు మైదానం చూపిస్తే, ఇంత వెలుగా అని కంగారుపడి కుదించేస్తుంది. మంచు కాస్తా ఉతకని పంచె రంగులో వస్తుంది. ఎక్స్‌పోజరుని ఒకటి నుంచి రెండు స్టాపులు పెంచుకోవాలి. పాత క్యామ్‌కార్డర్ల మెనూలో బీచ్, స్కీ అని ఒక బొమ్మ ఉండేది, అది చేసే పని ఇదే.

ఇంతకీ ఆ రోజు నేను చేసిన అసలు తప్పు బయట కాదు, లోపల.

సాయంత్రం గెస్ట్ హౌస్‌కి వచ్చి తలుపు తీయగానే నా కళ్లజోడు తెల్లబడిపోయింది. గది మధ్యలో బుఖారీ పొయ్యి భగభగ మండుతోంది, దాని మీద కెటిల్ మరుగుతోంది. ఇంటావిడని అందరూ ఆమా-లే అని పిలుస్తున్నారు, అంటే అమ్మగారని. నా తడుములాట చూసి ఆమె నవ్వుతుంటే, ఆ నవ్వుని వీడియో తీద్దామని సంచిలోంచి కెమెరా తీశాను. చూస్తుండగానే దాని ఒళ్లంతా నూగులాగా మంచు పట్టింది, తర్వాత నీరై కారింది. తెర మీద నీటిబొట్టు బొమ్మ వెలిగింది. క్యాసెట్టు బయటికి రాదు, తిరగదు.

గాలి ఎంత వెచ్చగా ఉంటే అంత ఎక్కువ ఆవిరిని మోస్తుంది. 20 డిగ్రీల దగ్గర ఘనపు మీటరు గాలి సుమారు 17 గ్రాముల నీటిని మోయగలదు, −15 దగ్గర ఒకటిన్నర గ్రాములే. కెటిలూ మనుషులూ ఉన్న ఆ గదిలో అందులో సగం, ఎనిమిదిన్నర గ్రాములు ఉన్నాయనుకుందాం. అది చలికి బిగుసుకున్న కెమెరాని తాకిన చోటల్లా మోయలేని బరువుని అక్కడే దించేస్తుంది. ఐసుపెట్టెలోంచి తీసిన సోడా సీసాకి చెమట పట్టడం ఇదే. బయట పడితే తుడుచుకోవచ్చు. కెమెరా లోపల క్యాసెట్టు టేపు ఒక నున్నటి డ్రమ్ముకి చుట్టుకుని ఉంటుంది. మినీ డీవీలో ఆ డ్రమ్ము నిమిషానికి 9,000 సార్లు తిరుగుతుంది. తడి డ్రమ్ముకి టేపు అతుక్కుంటే హెడ్లూ పోతాయి, టేపూ నలిగిపోతుంది. అందుకే లోపల తేమని పసిగట్టే చిన్న సెన్సరు పెట్టి, ఆరేదాకా అన్నీ ఆపేస్తారు. నేను మొరాయింపు అనుకున్నది దాని ఆత్మరక్షణ.

చలికీ కెమెరాకీ పడకపోవడం పాత జబ్బే. 1910లో కెప్టెన్ స్కాట్ దండు వెంట అంటార్కిటికా వెళ్లిన హెర్బర్ట్ పాంటింగ్ అక్కడ సినిమా తీశాడు. ఫిల్మ్ ఎక్కించేటప్పుడు నాలుక పొరపాటున కెమెరా లోహానికి తగిలి అంటుకుపోయి, లాగితే తోలు ఊడొచ్చిందని తనే రాసుకున్నాడు.

కెమెరాకి చెమట పట్టకుండా చేయాల్సింది చాలా సులువు. ఇంట్లోకి అడుగుపెట్టకముందే, బయటే, కెమెరాని జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచిలో పెట్టి గట్టిగా మూయాలి. సంచిలో చిక్కిన గాలి బయటి పొడి గాలి, అందులో నీరు నామమాత్రం. చెమట సంచి పైన పడుతుంది, కెమెరా లోపల పొడిగా వెచ్చబడుతుంది. రెండు గంటలు ఆగి తీయాలి. ఆ రెండు గంటలూ ఆగడమే కష్టం. తీసింది చూసుకోవాలని చేతులు దురదపెడతాయి.

దీనికి మంచు అక్కర్లేదని తర్వాత బెజవాడలో తెలుసుకున్నాను. మే నెలలో హోటల్ గదిలో ఏసీ 20కి పెట్టుకుని పడుకుని, పొద్దున్నే కృష్ణ ఒడ్డుకి వచ్చి లెన్సు మూత తీస్తే అదే పొగ. అక్కడ గది చల్లన, బయట ఉక్క. సంచి సూత్రం అదే, దిక్కు మారుతుంది. ఏసీ గదిలోనే సంచిలో పెట్టి మూసి, బయటికొచ్చాక వెచ్చబడనిచ్చి తీయాలి. ఎండాకాలపు పెళ్లిళ్లు తీసే వీడియోగ్రాఫర్లు కొందరు ముహూర్తానికి గంట ముందే కెమెరాలు ఏసీ గదిలోంచి తెచ్చి మండపంలో పెట్టుకోవడం చూశాను. భౌతికశాస్త్రం చదివి చేస్తున్నారని కాదు, ఒకసారి తలంబ్రాలు మసకగా వచ్చి ఉంటాయి.

లేహ్‌లో మర్నాటికి నీటిబొట్టు ఆరిపోయింది, క్యాసెట్టు బాగానే తిరిగింది. మిగిలిన రెండు రోజులూ ఒక బ్యాటరీ చొక్కా జేబులో, కూరగాయలు పెట్టుకునే జిప్ సంచి ఒకటి కోటు జేబులో. ఆమా-లే నవ్వు మాత్రం దొరకలేదు. సింధు నది ఆరు నిమిషాలు, తర్వాతి రోజు షే మఠం మెట్లు, గాలి హోరు మధ్య "పడుతోందా లేదా ఇది" అని నా గొంతు. ఆ క్యాసెట్టు ఇప్పటికీ బీరువాలో ఉంది. ఆడించడానికి ఎన్‌టీఎస్‌సీ మినీ డీవీ కావాలి, మా కెమెరా ఎప్పుడో పోయింది. ఊళ్లో స్టూడియో కూడా మొబైల్ షాపయింది. మొన్న మా బావమరిదికి ఫోన్ చేసి, అక్కడ పాత సామాన్ల అమ్మకాల్లో అలాంటి కెమెరా ఏదైనా కనిపిస్తే పట్టుకురమ్మన్నాను. "ఛార్జరు మీద 240 ఉందో లేదో చూసి మరీ తెస్తాలే బావా" అన్నాడు.